పువ్వు అయిపోయిందని బ్రొమీలియడ్‌ని పారెయ్యమనకండి, దాని పేరు రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం మీ పేపర్ పుస్తకంలో ఇంటి మొక్కల పేజీలో అనాస చుట్టాలైన బ్రొమీలియడ్ల గురించి వేశారు. ముందు థాంక్స్ చెప్పాలి, ఎందుకంటే గులాబీలు మందారాలు మనీప్లాంట్లు తప్ప వేరే మొక్క ఊసు తెలుగు పేపర్లలో రావడమే తక్కువ, అలాంటిది దీనికి అరపేజీ ఇచ్చారు, ఫొటో కూడా చాలా బాగుంది. కానీ ఆ ఫొటో కింద "ఎర్ర బ్రొమీలియడ్" అని మాత్రమే రాశారు, చివర్లో ఏమో పువ్వు వాడిపోతే ఇక మొక్క పని అయిపోయినట్టే, తీసి పారేసి కొత్తది తెచ్చుకోండి అని రాశారు. ఈ రెండు ముక్కలూ చదివాక ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదండి, అందుకే ఇంత పెద్ద ఉత్తరం, కొంచెం ఓపిక చేసుకుని చదవండి.

నాది సామర్లకోట, మెడికల్ షాపు నడుపుతాను. తొమ్మిదేళ్ళుగా మా మేడ మీద ఇవే పెంచుతున్నాను, చిన్నా పెద్దా కలిపి రెండొందల కుండీల పైనే ఉంటాయి. మాకు కడియం ఎంతో దూరం కాదు, పాసింజరు ఎక్కితే ద్వారపూడి దాటగానే కడియం స్టేషనే, అలా ఒక రోజు మందార మొక్కల కోసం వెళ్ళి మొదటి బ్రొమీలియడ్ తెచ్చుకున్నాను. మీ ఫొటోలో ఉన్నది గుజ్మానియా అనే రకం బ్రొమీలియడ్ అండి, నాకు దొరికిన మొదటిదీ అదే. ఆ ఎర్రగా నక్షత్రంలా విచ్చుకుని ఉన్నది నిజానికి పువ్వు కాదు, రంగు మారిన ఆకులే, అసలు పువ్వులు వాటి మధ్యలోంచి చిన్నగా తొంగి చూసి ఒకటి రెండు రోజుల్లో పోతాయి, ఎర్రటి ఆకులు మాత్రం నెలల తరబడి నిలుస్తాయి. మా అమ్మ అయితే మొదట్లో అది ప్లాస్టిక్ పువ్వే అనుకుని తడిగుడ్డతో తుడవబోయింది.

ఇక పారెయ్యడం సంగతి. ఒక మొక్క ఒక్కసారే పూస్తుంది అన్నది నిజమే, అరటి చెట్టు ఒక్క గెలే వేసినట్టు. మరి గెల కొట్టాక అరటి దుబ్బుని ఎవరైనా పీకి పారేస్తారా అండి, పక్కన పిలకలు ఉంటాయి కదా. ఇది కూడా అంతే. పూసిన తల్లి మొక్క వెంటనే చచ్చిపోదు, ఇంకో ఏడాది దాకా అలా మెల్లగా ఎండుతూనే మొదట్లో రెండు మూడు, బలంగా ఉంటే ఇంకా ఎక్కువ పిలకలు పెడుతుంది. ఆ పిలక తల్లిలో మూడో వంతుకో సగానికో ఎదిగాక చాకుతో మొదలుకంటా కోసి, కోసిన చోట రెండు రోజులు ఆరనిచ్చి వేరే కుండీలో పెడితే చాలు. మొదట కొన్న గుజ్మానియా నుంచి ఇప్పటిదాకా ఎన్ని పిలకలు తీసి ఇచ్చానో లెక్క లేదు. మీ పేజీ చదివి ఎంత మంది తల్లి మొక్కని చెత్తబండిలో వేసేశారో అన్నదే నా బాధ, ఎందుకంటే సరిగ్గా పువ్వు వాడుతున్నప్పుడే అడుగున ఆకుల సందులో పిలక మొగ్గ తిరుగుతూ ఉంటుంది, పైనుంచి చూస్తే కనపడదు.

ఇది పెంచడం కష్టమని కూడా చాలా మంది అనుకుంటారు, కాదండి. ఇది మన అనాస చుట్టమే, ఒకటే కుటుంబం. (వంటింట్లో బిర్యానీలో వేసే అనాసపువ్వుకీ దీనికీ ఏ సంబంధం లేదు, ఈ మాట ఎందుకంటే మా షాపుకొచ్చే వాళ్ళు చాలా మంది అడుగుతారు.) ఈ కుటుంబంలో మూడు వేలకి పైగా జాతులు ఉన్నాయి, అన్నీ అమెరికా ఖండాలవే, బ్రెజిల్ వైపు మరీ ఎక్కువ, ఒకే ఒక్క జాతి మాత్రం పశ్చిమ ఆఫ్రికాలో గినీ వైపు దొరుకుతుంది. పేరేమో స్వీడన్‌లో 17వ శతాబ్దంలో ఉన్న బ్రొమీలియస్ అనే డాక్టరు పేరు మీద పెట్టింది. అడవిలో ఇవి చాలా వరకు చెట్ల కొమ్మల మీద కూర్చుని బతుకుతాయి, చెట్టు రసం పీల్చవు, వేళ్ళు పట్టుకోడానికే, నీళ్ళూ తిండీ అంతా ఆకుల మధ్య ఉన్న గిన్నెలోంచే తీసుకుంటాయి. అందుకే మట్టిలో పాతితే కుళ్ళిపోతాయి. నేను కోనసీమ నుంచి కొబ్బరి డొక్క ముక్కలు తెప్పించి మూడు నాలుగు సార్లు నీళ్ళు మార్చి నానబెట్టి ఉప్పు పోయాక, బొగ్గు ముక్కలూ ఇటుక ముక్కలూ కలిపి అందులో పెడతాను. బోరు నీళ్ళు పోస్తే ఆకుల మీద తెల్లటి మచ్చలు కడతాయి కాబట్టి వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి పెట్టుకుంటాను. వేసవిలో షేడ్ నెట్ తప్పనిసరి, మా వైపు ఎండలకి నెట్ లేకపోతే రెండు రోజుల్లో ఆకులు తెల్లగా కాలిపోతాయి. ఎరువు మాత్రం దండిగా వేయకూడదు, ముఖ్యంగా ఎర్రటి ఆకుల కోసం పెంచే నియోరెజీలియా అనే రకానికి, ఆకు పొడుగ్గా పచ్చగా సాగిపోయి ఆ ఎరుపు అంతా పోతుంది.

దోమల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే డెంగ్యూ సీజన్లో మందుల కోసం వచ్చే వాళ్ళని రోజూ చూసే వాడిని నేను, ఆ గిన్నెలో నీళ్ళు ఉంటాయి కదా అని ఎవరైనా భయపడితే తప్పు లేదు. 2016లో అమెరికాలోని మయామీలో దోమలతో వ్యాపించే జికా జ్వరం వచ్చినప్పుడు అక్కడ బ్రొమీలియడ్లని తోటల్లోంచి పీకించిన సందర్భాలు కూడా ఉన్నాయి. నేను అయితే నాలుగు రోజులకోసారి పైపు పెట్టి గిన్నెలో పాత నీళ్ళు పొర్లిపోయేదాకా కొత్త నీళ్ళు కొడతాను, గుడ్డు దోమ అవ్వడానికి వారం పైనే పడుతుంది కాబట్టి ఈలోపే అంతా కొట్టుకుపోతుంది. అంత తీరిక లేని వాళ్ళు గిన్నెలు లేని టిలాండ్సియా అనే రకం బ్రొమీలియడ్లు పెట్టుకోవచ్చు, వాటికి కుండీ కూడా అక్కర్లేదు, తీగకి కట్టి వేలాడదీయడమే.

నాకు పెద్ద దెబ్బ తగిలింది మాత్రం దోమలతో కాదు, మందుతో. నాలుగో ఏడు వానాకాలంలో ఆకుల మీద మచ్చలు వస్తే ఒక పురుగుమందుల షాపులో అడిగాను, ఆయన కాపర్ మందు ఇచ్చి ఇది అన్నిటికీ మంచిదే కొట్టండి అన్నాడు. నేనూ మందులు అమ్మేవాడినే కదా, ఒకసారి చదివి కొట్టాల్సింది, కొట్టేశాను. రెండు మూడు వారాల్లో ఒక్కొక్క మొక్కా నడిమి ఆకు మెత్తబడి, పట్టుకుని లాగితే చేతిలోకి ఊడి వచ్చేసింది, కింద అంతా గోధుమ రంగు కుళ్ళు. అరవైకి పైగా పోయాయండి. బ్రొమీలియడ్లకి రాగి అంటే విషం, ఆ ఆకుల మీద ఉండే సన్నటి పొలుసులు నీళ్ళతో పాటు దాన్ని కూడా లోపలికి పీల్చేసుకుంటాయి. రాగి చెంబులో నిలవ ఉంచిన నీళ్ళు కూడా పోయకండి. మీ పేజీలో ఈ ఒక్క లైను వేసినా ఎన్నో మొక్కలు బతుకుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పేరు ఎందుకు రాయాలి అని.

ఈ మొక్కలని ఇంట్లోనే క్రాస్ చేసి, అంటే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటించి, కొత్త రకాలు పుట్టించొచ్చు. ఇది ల్యాబుల్లో చేసే పని అనుకుంటారు కానీ మన వాళ్ళకి ఇది కొత్తేం కాదు, గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో ఆడవాళ్ళు సాయంత్రం మొగ్గ ఒలిచి మగ భాగాలు తీసేసి, పొద్దున్నే వేరే రకం పువ్వు తెచ్చి రుద్దుతారు కదా, అచ్చం అదే పని, కాకపోతే మనం మేడ మీద కూర్చుని చేస్తాం.

నేను ఎలా చేస్తానో చెప్తాను. నియోరెజీలియాకి పువ్వు పైకి రాదు, గిన్నె అడుగున నీళ్ళలో గుండుసూది దిండులా ఒక గుత్తి ఉంటుంది, రోజుకి రెండో మూడో చిన్న లేత ఊదా పువ్వులు విచ్చుకుంటాయి, అదీ పొద్దున్న కాసేపే, మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. అందుకే షాపు తెరవకముందే పని అయిపోవాలి. ముందు రోజు సాయంత్రం కుండీ వంచి నీళ్ళు ఒంపేసి, రేపు విచ్చుకునే మొగ్గ ఏదో చూసుకుంటాను, అది కాస్త ఉబ్బి కొన రంగు తిరిగి ఉంటుంది. తెల్లారగట్ల కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని సన్నటి పట్టకారుతో రేకులు మెల్లగా చీల్చి లోపల ఉన్న ఆరు పుప్పొడి కాడల్నీ తీసేస్తాను, ఒక్కటి మిగిలినా దాని పుప్పొడే దానికి పడిపోయి మన కష్టం వృథా అవ్వచ్చు. మధ్యలో మిగిలేది ఒక్క కాడ, దాని కొస మూడు పాయలుగా మెలితిరిగి జిగటగా మెరుస్తూ ఉంటుంది. అప్పుడు రెండో మొక్క పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి ఆ జిగట మీద తాకిస్తాను, పసుపు పొడి అంటుకున్నట్టు కంటికి కనపడుతుంది. ఆ తర్వాత పైన సన్నటి గుడ్డ కట్టేయాలి, లేకపోతే చీమలు, బిల్‌బెర్జియా లాంటి వేరే బ్రొమీలియడ్లు అయితే తేనెపిట్టలు కూడా వచ్చి వేరే పుప్పొడి అంటిస్తాయి. ఈ మొక్కల సొంత దేశాల్లో ఈ పని హమ్మింగ్ బర్డ్‌లది, అనాసకి గింజలు పడితే పండు పాడవుతుందని హవాయిలో ఆ పిట్టలని అసలు తీసుకురానివ్వరు.

మూడు నెలలు దాటాక కాయ మెత్తబడి గుత్తిలోంచి పైకి తోసుకొస్తుంది, పట్టుకుంటే ఊడి వచ్చేస్తుంది. లోపల గింజలు టమాటా గింజల్లా జిగురులో ఉంటాయి, ఆ జిగురు కడిగి టిష్యూ పేపర్ మీద ఆరబెట్టి వెంటనే చల్లేయాలి, దాచి పెడితే మొలవవు. గుజ్మానియా, వ్రీసియా, టిలాండ్సియాలకి అయితే జిగురు ఉండదు, కాయ పగిలి జిల్లేడు గింజల్లా దూది కట్టుకుని ఎగురుతాయి, వాటిని పగలకముందే కవర్‌తో కట్టుకోవాలి, నేను మాత్రలు పెట్టి ఇచ్చే చిన్న కాగితం కవర్లే వాడతాను. గింజ మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. మూత ఉన్న పారదర్శకం డబ్బా కావాలి, మా ఇంట్లో తాపేశ్వరం కాజాల డబ్బాలన్నీ దీనికే. జల్లించిన కొబ్బరి పొట్టు తడిపి పరిచి పైన గింజలు చల్లి మూత పెట్టేస్తే పది పదిహేను రోజుల్లో ఆవగింజంత పచ్చటి చుక్కలు కనపడతాయి. అక్కడి నుంచి ఓపికే పని. ఏడాదికి రూపాయి బిళ్ళంత అవుతాయి, రంగు తెలియాలంటే ఇంకో ఏడాది, నా దగ్గర మొదటి పువ్వు చూడ్డానికి మూడేళ్ళు పైనే పట్టింది. ఒకే కాయలోంచి వచ్చిన నలభై మొక్కలూ నలభై రకాలుగా ఉంటాయి, ఒకటి తల్లి పోలిక, ఒకటి తండ్రి పోలిక, ఎక్కడో ఒకటి ఇద్దరి పోలికా లేకుండా మచ్చలేసుకుని నిలబడుతుంది, దాని కోసమే ఇదంతా.

పూసే దాకా ఆగలేని వాళ్ళకీ, రెండు మొక్కలు ఒకేసారి పూయాలి అనుకునే వాళ్ళకీ ఒక ఉపాయం ఉంది. ఎదిగిన మొక్క గిన్నెలో నీళ్ళు ఒంపేసి, పక్కన బాగా పండిన ఆపిల్ ఒకటి పెట్టి పాలిథిన్ కవర్‌లో కట్టేసి నీడలో వారం పది రోజులు ఉంచితే, ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి మొక్క పూతకి తిరుగుతుంది, రెండు నెలలు అటూ ఇటూగా పువ్వు వస్తుంది. అనాస రైతులు ఇథిలీన్ విడుదల చేసే ఎథ్రెల్ మందు కొట్టేదీ ఇందుకే. లేత మొక్కకి ఇది పని చేయదు, ఎండలో కట్టి ఉంచితే ఉడికిపోతుంది.

మొదటిసారి నేను చేసిన క్రాస్ సంగతి చెప్తాను, ఇక్కడే పేరు విలువ తెలిసింది. కరోలినే అనే జాతి నియోరెజీలియాలో ట్రైకలర్ అని ఒకటి ఉంటుంది, ఆకు మధ్యలో తెల్ల చారలు, పూత టైముకి నడిమి అంతా ఎర్రబడుతుంది. ఆ చారలు కావాలని దాని పుప్పొడి తీసి వేరే పచ్చ మొక్కకి అంటించాను. మూడేళ్ళు కాచాను, ఒక్క మొక్కకి కూడా చార రాలేదు. తర్వాత చదివితే తెలిసింది, ఆ చారలకి కారణమైన పత్రహరితం సంగతులు తల్లి వైపు నుంచే వస్తాయి, పుప్పొడితో రావు, చారల మొక్కని తల్లిగా పెట్టాలి. అలా పెట్టినా కొన్ని గింజలు పూర్తి తెల్లగా మొలిచి, పత్రహరితం లేక కొన్ని రోజులకే పోతాయి. సరే, రెండోసారి సరిగ్గా చేశాను, తండ్రిగా ఎర్రగా చిన్నగా ఉండే మొక్క ఒకటి వాడాను, ఒక నర్సరీలో కొన్నది. పిల్లల్లో ఒకటి అద్భుతంగా వచ్చిందండి, అరచేతిలో పట్టేంత గిన్నె, సన్నటి గులాబీ చారలు. ఎవరో తెలిసిన వాళ్ళు చూసి దీని తల్లిదండ్రులు ఎవరు అని అడిగారు. తల్లి పేరు చెప్పాను. తండ్రి పేరు నాకు తెలియదు. నర్సరీకి మళ్ళీ వెళ్ళి అడిగితే "పేరుతో ఏం పని సార్, రెడ్ అని గుర్తు పెట్టుకోండి" అన్నారు. ఆ మొక్క థాయ్‌లాండ్ నుంచి దిగినప్పుడు దానికి ట్యాగ్ ఉంది, ఇక్కడ కుండీ మార్చేటప్పుడు తీసేశారట. ఆ ఒక్క ప్లాస్టిక్ ముక్క ఉంటే ఈ రోజు నా మొక్కకి ఊరూ పేరూ ఉండేవి.

బయట దేశాల్లో ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో చూడండి. బెల్జియంలో లీజ్ ఊళ్ళో ఎడ్వార్డ్ మోరెన్ అనే ప్రొఫెసర్ 19వ శతాబ్దంలోనే వీటి మీద పని చేశాడు, ఆ రోజుల్లో చేసిన క్రాసులకి తల్లిదండ్రుల పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి. అమెరికాలో ఫ్లోరిడాలో మల్ఫర్డ్ ఫాస్టర్ అనే ఆయన భార్యతో కలిసి బ్రెజిల్ అడవులు తిరిగి మొక్కలు తెచ్చాడు, అందులో ఎక్మియా రకం బ్రొమీలియడ్ ఒకదానికి ఆవిడ పేరు మీదే రాసినే అని పేరు, ఆ రాసినేని విక్టోరియానా అనే ఇంకో జాతితో కలిపి ఆయన చేసిందే ఫాస్టర్స్ ఫేవరెట్, ముదురు వైన్ రంగు ఆకులతో ఇప్పటికీ ఇళ్ళల్లో పెంచుతున్నారు. 1950లో బ్రొమీలియడ్ సొసైటీ మొదలైతే ఆయనే మొదటి ప్రెసిడెంట్, ఆ సొసైటీ ఈ రోజుకీ ప్రపంచంలో ఎవరు కొత్త రకం చేసినా రాసుకునే రిజిస్టర్ నడుపుతోంది, తల్లి పేరు ముందు, మధ్యలో ఇంటూ గుర్తు, తర్వాత తండ్రి పేరు. కోస్టారికాలో చెస్టర్ స్కోటాక్ చేసిన చారల నియోరెజీలియాలు చూస్తే కళ్ళు చెదిరిపోతాయి, అన్నీ ఆ లెక్కల మీద నిలబడినవే. ఫైర్‌బాల్ అనే ఒక చిన్న ఎర్ర మొక్క నుంచి ఎన్ని వందల చిన్న రకాలు పుట్టాయో, దానికి పేరు నిలబెట్టారు కాబట్టే కదా అవన్నీ దాని పిల్లలని తెలిసేది.

మన దగ్గర చేతుల్లేవా, చెప్పండి. కడియం కడియపులంక చుట్టూ అంటు కట్టడంలో పిలక తీయడంలో అక్కడి నర్సరీ వాళ్ళని మించిన వాళ్ళు లేరు, వాతావరణం చూస్తే గాలిలో తేమ ఎక్కువ, ఈ మొక్కలకి కోస్తా అంటే పుట్టింట్లో ఉన్నట్టే. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన యూనివర్సిటీ ఉంది, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ బాపూజీ గారి పేరు మీద ఉన్న యూనివర్సిటీ ఉంది. మామిడి, కొబ్బరి, మిర్చి చూడాల్సిందే, కాదనను, కానీ మేడ మీద కుండీల్లో క్రాసింగ్ ఎలా చేయాలో, ట్యాగ్ ఎలా రాయాలో ఒక్క రోజు క్లాసు పెడితే మాలాంటి వాళ్ళం సొంత ఖర్చులతో వచ్చి నేర్చుకుంటాం. నర్సరీ వాళ్ళని అడిగేది కూడా పెద్దదేం కాదు, దిగుమతి అయినప్పుడు ఉన్న ట్యాగ్‌ని కుండీ మార్చినప్పుడు పారెయ్యకుండా కొత్త కుండీలో గుచ్చడం. పేరు ఉన్న మొక్కకి నేను ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి కొంటాను, కొనే వాళ్ళు ఇంకా ఉంటారు. ట్యాగ్ మీద మార్కర్‌తో రాస్తే మన ఎండకి ఏడాదిలో వెలిసిపోతుంది, పెన్సిల్‌తో రాయండి, నాలుగేళ్ళ కిందటివి కూడా నా దగ్గర చెక్కు చెదరలేదు.

మీ పేపర్‌ని అడిగేది రెండే. పువ్వు అయిపోతే పారెయ్యమన్న మాటని సవరించి, పిలక తీసుకోమని ఒక చిన్న బాక్స్ వేయండి, ఈ ఆదివారమే వేస్తే ఇంకా కొన్ని మొక్కలు మిగులుతాయి. రెండోది, మొక్క ఫొటో ఏది వేసినా కింద జాతి పేరు, రకం పేరు తెలుగులోనే అయినా పూర్తిగా రాయండి. మనిషి ఫొటో వేసి కింద "చొక్కా వేసుకున్న ఆయన" అని రాయరు కదా మీరు. పోయిన వారం వేసిన ఆ గుజ్మానియా ఎక్కడ తీసిందో మీ ఫొటోగ్రాఫర్ గారిని అడిగి, వాళ్ళ దగ్గర ట్యాగ్ ఉంటే దాని మీద ఏముందో కనుక్కుని రాయగలరా?

ఇట్లు
మీ పాఠకుడు,
సామర్లకోట